పలకని తోడికోడలు

ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. నా రాత నిదానం, మీరూ నిదానంగానే చదవండి.

ఆ రోజు పొద్దున్నే పెద్దకోడలు ఒక నిశ్చయానికి వచ్చింది. ఎదురు వాటాలో ఉండే తోడికోడలితో మాటలు లేక ఏళ్ళు గడిచాయి. మేడ మీద బట్టల తీగ ఎవరో కోసేస్తే నువ్వంటే నువ్వనుకున్నారు, అంతే. ఇప్పుడు మొగుళ్ళిద్దరూ పోయారు. పెళ్ళినాటి తనను ఎరిగిన మనిషి ఇక ఆవిడ ఒక్కతే. ఇద్దరిలో ఎవరో ఒకరు పోకముందే వెళ్ళి పలకరించాలి.

గుమ్మం దాటబోతుంటే, ముసలివాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమ్మాయి ఎదురైంది. పేటలోని పెద్దవాళ్ళను రెండు గుంపులు చేశారట.

"మీది పోల్చి చూసే గుంపు అమ్మమ్మా. ఏడాదిపాటు కొత్తగా ఏమీ మొదలుపెట్టకండి. ఎప్పటిలాగే ఉండండి."

"కొత్తగా ఏదీనా?"

"ఏదీ వద్దు. మీరు మారితే మా లెక్క పాడైపోతుంది."

పెద్దకోడలు మాటిచ్చేసింది. ఇచ్చాక గుర్తొచ్చింది, తోడికోడలితో మాట్లాడడమూ కొత్తే కదా అని. ఉసూరుమంటూ వెనక్కి వచ్చి కూలబడింది.

మర్నాడు తలుపు తీస్తే ఎదురుగా చిన్నకోడలు. ఆవిడది రెండో గుంపు. వాళ్ళకు అప్పగించిన పని వేరు. మాటలు తెగిపోయిన మనిషితో రోజూ కాసేపు కబుర్లు చెప్పాలి. ఆ సంగతి పెద్దకోడలికి తెలియదు.

"అక్కా, బాగున్నావా?"

పెద్దకోడలి నోరు తెరుచుకుంది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మూసుకుంది. తనను పరీక్షించడానికే ఆ అమ్మాయి పంపిందేమోనని అనుమానం కూడా వచ్చింది.

"నిన్నే అక్కా."

పెద్దకోడలు పక్కకు జరిగి దారిచ్చింది.

"అయ్యో, చెవులు పోయినట్టున్నాయి" అంటూ చిన్నకోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది.

సాయంత్రానికి కబురు వీధంతా పాకింది. కూరగాయలామె చెవిలో అరిచింది. పాలతను చేతులు తిప్పి సైగలు చేశాడు. "నా చెవులు బాగానే ఉన్నాయయ్యా" అంటే, చెవిటివాళ్ళంతా అలాగే అంటారని జాలిపడ్డాడు. చివరికి కొడుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"చెవులు శుభ్రంగా ఉన్నాయి" అన్నాడు డాక్టరు.

"మరి పిన్నికి పలకవేంటమ్మా?"

"మాటిచ్చాన్రా."

"ఎవరికి?"

"ఆ లెక్కలమ్మాయికి. నేను మారకూడదు."

కొడుకు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు ఇంకో డాక్టరు పేరు రాసిచ్చాడు.

చిన్నకోడలు మాత్రం డాక్టరు మాట నమ్మలేదు, రావడమూ మానలేదు. వినపడని మనిషి దగ్గర దాపరికం దేనికని అన్నీ చెప్పేసింది. తన కొడుకు పెళ్ళాం మీద కోపం, మోకాళ్ళ నొప్పి, ఆఖరికి తీగ కోసింది తానేనన్న సంగతి కూడా.

"అత్తగారు నిన్ను మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండేదక్కా" అని కళ్ళు తుడుచుకుంది.

పెద్దకోడలు పళ్ళు బిగించి గోడకేసి చూసింది. ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు మాత్రం వేళకు ముందే ఆవిడ కోసం కుర్చీ వేసింది. అదీ కొత్తేనేమోనని భయపడి మళ్ళీ తీసేసింది.

ఏడాది నిండింది. అమ్మాయి వచ్చేసరికి ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు.

"ఇక మాట్లాడొచ్చా అమ్మాయీ?"

"మాట్లాడొద్దని ఎవరన్నారు అమ్మమ్మా? వ్యాయామం తరగతుల్లాంటి వాటిలో చేరొద్దన్నాం, అంతే."

చిన్నకోడలు లేచి నిలబడింది. "నీకు వినిపిస్తుందా?"

"శుభ్రంగా."

"అంతా విన్నావా?"

"ఒక్క ముక్క పోనివ్వలేదు. మోకాళ్ళకు కాపడం పెట్టుకోమని చెబుదామని ఆర్నెల్లుగా నోరు దురద పెడుతోందే."

చిన్నకోడలు మొహం కందగడ్డలా చేసుకుని గబగబా వెళ్ళి తలుపేసుకుంది. అమ్మాయి కాగితాలు తిరగేసి బుర్ర గోక్కుంది. కబుర్లు చెప్పినావిడ కంటే ఊరికే కూర్చున్నావిడకే రక్తపోటు బాగా తగ్గింది.

మర్నాటి నుంచి పెద్దకోడలు రోజూ ఎదురు గుమ్మంలో కూర్చుని మాట్లాడుతోంది. చిన్నకోడలు పలకదు, తలుపు మాత్రం వేసుకోదు. వీళ్ళిద్దరినీ ఏ గుంపులో రాయాలో ఆ అమ్మాయికి ఇప్పటికీ తేలలేదు.

కుట్టుమిషను తొక్కేదాన్ని కాబట్టి నన్ను మిషనక్క అంటారు. డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, కింది వాటాలో ఉంటున్నాను.