గిన్నెల మెషిన్‌కు ఉప్పు పోసిన వీరమాత

వినుడు, గిన్నెలు కడుగువారలారా, కడిగించుకొనువారలారా! తిని కంచము అక్కడే వదలి లేచిపోవువారలారా, మీరు మరికొంచెము దగ్గరగా వచ్చి వినుడు!

అది ఆదివారము. మధ్యాహ్నము రెండు గంటల పది నిమిషములు. భోజనములు ముగిసి, ఫ్యాన్లు తిరుగుచు, వీధిలో కుక్క సహితము నీడ వెదకికొని పడుకొనియున్న వేళ, మూడవ అంతస్తున, లిఫ్టుకు ఎదురింటియందు, ముగ్గురు నిలబడిన నాల్గవవారు తలుపు బయటనే ఆగవలసినంతటి వంటింట, సింకునకు ఎడమపక్క, వెండిరంగు కవచము ధరించి, పొట్టలో రెండు అరలు దాచుకొని, సకలపాత్రప్రక్షాళనధురంధరమని పేరు పొంది, ఆ పేరును ఆరునెలలకే పోగొట్టుకొన్న డిష్‌వాషర్ మహాయంత్రము నోరు తెరచుకొని నిలిచియుండెను. దాని యెదుట, ఆపదలు బయలుదేరకమునుపే వాటికి ఎదురేగి కంటతడి పెట్టుకొను స్వభావము గలదియు, గ్యాసు కట్టితినో లేదో యని ఎక్కిన బస్సు దిగి ఇంటికి వచ్చునదియు, ఇంటివారు రెండుమార్లు ఫోను ఎత్తకున్నచో ఆసుపత్రుల నంబర్లు వెదకునదియు, ఇంటి ముందుగదిలో కుట్టుమెషిన్ వేసికొని ఆ వీధివారికందరకు బట్టలు కుట్టి యిచ్చు దర్జీయు నగు అమ్మ, చేత ఒక గాజుగ్లాసు పట్టుకొని నిశ్చేష్టయై యుండెను.

ఆ గ్లాసు తెల్లగా నుండెను. కడిగిన తెలుపు కాదు. సున్నము కొట్టిన తెలుపు.

అరగంట క్రితమే ఆ గ్లాసు వలన ఇంట పిడుగు పడియుండెను. ఇంటాయన దానిని ఎత్తి చూచి, కనుబొమలు ముడిచి,

“మంచినీళ్లడిగితే పాలు పోశావేమే?” అనెను.

“అవి నీళ్లేనండీ.”

“నీళ్లా ఇవి?” అని ఆయన గ్లాసును కిటికీ వైపు పెట్టి చూచి, దించి, తీర్పు చెప్పెను. “ఆర్నెల్ల నుంచి చూస్తున్నా. రోజురోజుకీ పాడవుతోంది తప్ప బాగుపడట్లేదు. సాయంత్రం ఐదింటికి చెల్లెలు వ్యాను వేసుకుని ఇటే వస్తోంది. దీన్ని పట్టుకుపొమ్మంటాను. ఇంట్లో కాస్త చోటైనా మిగుల్తుంది.”

వెంటనే ఆయన కలిపిన ఫోను స్పీకరులోనుండి ఆ చెల్లెలి కంఠము శంఖనాదమువలె వినవచ్చెను. “అయ్యో, ఇచ్చెయ్యి వదినా, మొహమాటపడకు! లోపల అరలు ఎలాగూ ఉన్నాయి. మా ఇంట్లో చెప్పులు పెట్టుకోడానికి సరిగ్గా సరిపోతుంది!”

సకలపాత్రప్రక్షాళనధురంధరమునకు చెప్పుల స్టాండు పదవి! ఇది విని నవ్వువారు నవ్వవచ్చును. కాని ముందు అమ్మ చేతులు చూడుడు. సబ్బునీటిలో ఏండ్లతరబడి నాని నాని, ఆ వ్రేళ్ల కొనలు ఎండిన చెరువువలె పగిలియుండెను. సిల్కుదారము లాగినప్పుడెల్ల అది ఆ పగుళ్లలో చిక్కుకొని, తెగి, దానితోపాటు అమ్మ ప్రాణమును లాగెడిది. చర్మపు డాక్టరు కళ్లజోడు పైనుండి చూచి, “గిన్నెల సబ్బు మళ్లీ ముట్టుకున్నారంటే ఈ చేతులు సూది పట్టవమ్మా” అనినందుననే ఆ యంత్రము ఇంటికి వచ్చినది. అప్పటినుండియే పగుళ్లు మానుమొగము పట్టినవి. అది వ్యాను ఎక్కినచో అమ్మ మరల సింకు వద్దకు పోవలసినదే. సింకు వద్దకు పోయినచో కుట్టుమెషిన్‌కు మూత వేయవలసినదే.

అప్పుడు రంగమున ప్రవేశించెను కూతురు. లా చదివినది కాదు. ఏ మాట అనినను ఎదురుప్రశ్న వేయుటచేత ఇంటిల్లిపాదియు లాయరమ్మ యని బిరుదమిచ్చిరి.

“అమ్మా, దీంతో ఒక పుస్తకం వచ్చి ఉండాలే. ఏది?”

“బీరువాలో ఉంది. ఇంటి కాగితాల కింద.”

“చదివావా?”

“నలిగిపోతుందని తియ్యలేదు.”

లాయరమ్మ ఆ గ్రంథరాజమును కవరు చించి వెలికితీసి, పుటలు త్రిప్పి, ఒకచోట ఆగి, సాక్షిని బోనెక్కించిన గొంతుతో అడిగెను.

“దీనికి ఉప్పు వేస్తున్నావా?”

“వెయ్యకేం? కొన్నప్పుడు ఆ షాపతను ‘ఉప్పు మర్చిపోకండమ్మా’ అన్నాడుగా. రోజూ వేస్తున్నాను.”

“ఎంత?”

“రుచికి సరిపడా.”

లాయరమ్మ పుటపై వ్రేలు పెట్టి తలయెత్తెను.

“రుచికి సరిపడా అంటే?”

“గిన్నెలు తక్కువుంటే చిటికెడు. జిడ్డువి ఉంటే రెండు చిటికెలు. సబ్బుపొడి పక్కనే చల్లుతాను.”

“ఏ ఉప్పు?”

“మనం తినేదే! దానికో ఉప్పు, మనకో ఉప్పు ఎక్కడ పెడతాను?”

“అమ్మా! నువ్వు దీన్ని కూర వండినట్టు వండుతున్నావు! అడుగున ఉప్పుకి వేరే గుంట ఉందట. కిలో పైనే పడుతుందట. నీళ్లలో సున్నం ఉంటే ఆ ఉప్పు వల్లే విరుగుతుంది. ఉప్పు లేకే సున్నమంతా గ్లాసులకి పట్టింది. ఇదిగో, ఈ ఎర్ర లైటు ఉప్పు అయిపోయిందని చెప్పే లైటు. ఎన్నాళ్ల నుంచి వెలుగుతోంది?”

“మొదటి రోజు నుంచీ. కరెంటు ఉందని చెప్పే లైటనుకున్నా.”

“వాళ్లు ఉప్పు ప్యాకెట్టు కూడా ఇచ్చారట. అదేది?”

అమ్మ మొగము పాలిపోయెను. ఏలయన, ఆ ప్యాకెట్టు తెల్లని స్ఫటికములతో మెరయుచుండుట చూచి, ఇది ఎలుకల మందో యాసిడో అయియుండునని తలంచి, నాలుగు కవర్లలో చుట్టి, ఎర్ర పెన్నుతో ‘విషం. ముట్టకండి’ అని వ్రాసి, బీరువా నెత్తిన దాచినది తానే గదా!

“కిలో అంటున్నావు,” అని అమ్మ పలికెను. “మనిషికి అంత ఉప్పు పెడితే బీపీ వచ్చి పడిపోతాడు. నిండా ఏడాది లేని మెషిను, తట్టుకుంటుందా? పేలిపోతే? కింద వాళ్లింట్లో చంటిపిల్ల ఉందే!”

“ఇది పేలదమ్మా. నువ్వే పేలేలా ఉన్నావు. టైము రెండున్నర అయింది. పుస్తకంలో మూడు పన్లు చెప్పాడు. జల్లెడ కడగాలి, నీళ్లు చిమ్మే రెక్క శుభ్రం చెయ్యాలి, ఉప్పు పొయ్యాలి. పట్టిన సున్నం పోవాలంటే గ్లాసుల్ని వెనిగర్‌లో నానబెట్టాలి. అది నేను చూస్తా. నీ చేతులకి మంట.”

అంతట అమ్మ, నడుము బిగించి, మోచేతుల వరకు రబ్బరు తొడుగులు తొడిగి, వాటిపై మరొక జత తొడిగి, షాకు కొట్టునేమోనని ముందు యంత్రము ప్లగ్గు పీకెను. పీకిన ప్లగ్గులోను కరెంటు మిగిలియుండునేమోనని వంటింటి స్విచ్చులన్నియు ఆర్పెను. అప్పటికిని మనసొప్పక, గుమ్మము ప్రక్కకు పోయి, ఇంటికంతటికి మూలాధారమైన మెయిన్ స్విచ్చు దించెను.

హాలులో ఆర్తనాదము పుట్టెను. “ఒరేయ్! ఆఖరి ఓవరు! ఎవర్రా కరెంటు తీసింది?”

“నేనేనండీ. ప్రాణాల మీదికి వస్తుందని.”

“ఎవరి ప్రాణాల మీదికే? నా ప్రాణం ఆ టీవీలో ఉంది!”

“నాన్నా, నాలుగు పరుగులే కావాలి, వాళ్లే గెలుస్తారులే,” అని లాయరమ్మ వాదించి ఆయనను కూర్చుండబెట్టెను.

పిమ్మట అమ్మ క్రింది అరను లాగివేసి, యంత్రగర్భమున తల దూర్చి, అట్టడుగున నున్న గుండ్రని జల్లెడను ఎడమకు త్రిప్పి ఎత్తెను. అహో, ఏమని వర్ణింతును! ఆరునెలల చరిత్రయంతయు అందు నిక్షిప్తమై యుండెను! నిమ్మగింజలు మూడు, ద్రాక్షతొడిమ యొకటి, జామ్ సీసా లేబులు నలిగి ముద్దగా, ఇంటాయన పళ్లు కుట్టుకొను పుల్ల యొకటి, వీటన్నిటిని కప్పి నల్లని జిడ్డు సేన బారులు తీరియుండెను.

“ఛీ ఛీ! దీని మీదుగా వచ్చిన నీళ్లతో కడిగిన గ్లాసుల్లోనా మనం తాగింది?” అని అమ్మ తల పట్టుకొని, కుటుంబమంతయు కడుపునొప్పితో వరుసగా పండుకొనియున్న దృశ్యమును మనసున గాంచి, ఒక నిమిషము దుఃఖించి, పాత పళ్లబ్రష్షు అందుకొని ఆ సేనను కుళాయి క్రింద తుత్తునియలు గావించెను.

తరువాత రెక్క. నీరు చిమ్ము ఆ రెక్కను పట్టి పైకి లాగగా ఊడివచ్చెను. దాని రంధ్రములు సగము సున్నముతో పూడియుండెను. లాయరమ్మ అగ్గిపుల్ల తెచ్చెను, విరిగెను. పిన్నీసు తెచ్చెను; వంగెను. అప్పుడు అమ్మ లేచెను. తొడుగులు విప్పెను. ముందుగదికి పోయి, తన దారపు డబ్బాలోనుండి, మందపు గుడ్డలు కుట్టు బారెడు కన్ను గల పెద్ద సూదిని తీసికొని వచ్చెను. ఇరువదియేండ్లుగా చేతబట్టిన ఆయుధమది! అంతవరకు అడుగడుగునకు బెదరిన ఆ వ్రేళ్లు సూది తగులగానే బెదురు మరచినవి. ఒక్కొక్క రంధ్రమున దూర్చి, త్రిప్పి, పెకలించి, ఊది, వెలుతురునకు ఎత్తి చూచి, పదునాలుగు రంధ్రములను బొత్తాము కాజాలవలె తీర్చిదిద్దెను.

“అబ్బో!” అనెను లాయరమ్మ. ఆమె జీవితమున ఎదురుప్రశ్న వేయక ఊరకున్న సందర్భములలో ఇది రెండవది.

ఇక మిగిలినది లవణప్రదానము. గుంట మూత తెరువబడెను. మొదటిసారి గనుక లోపల నీరు పోయబడెను. గరాటు నిలుపబడెను. నాలుగు కవర్ల చెరనుండి విడుదలయై ఉప్పు ప్యాకెట్టు ముందుకు వచ్చెను. అమ్మ దానిని రెండు చేతుల ఎత్తిపట్టి, హృదయమున నిట్లు గంభీరముగా పలికెను: “ఓ యంత్రమా! ఆరునెలలు నిన్ను చిటికెలతో ఎండగట్టితిని. ఎండిన కడుపుతో నీవు తోమిన గ్లాసులనే నిందించితిని. ఇదిగో, నీ బాకీ తీర్చుచున్నాను. నా చేతులను కాపాడుము. నిన్ను చెప్పుల పాలు కానీయను!”

హృదయమున ఇట్లు పలికినను, నోటివెంట వచ్చినది మాత్రము ఇంతే: “ఇదిగో, తిను. ఏమన్నా అయితే నన్నడక్కు.”

ఉప్పు దిగుచుండగా నీరు పైకి పొంగెను. “పొంగుతోందే! చెప్పానా! కింద చంటిపిల్ల!” అని అమ్మ కేక పెట్టెను.

“పొంగాలమ్మా! పొంగుతుందనే రాశాడు. తుడిచేసి వెంటనే మెషిన్ ఆన్ చెయ్యమన్నాడు.”

మూత బిగింపబడెను. చిందిన ఉప్పు తుడువబడెను. జల్లెడ, రెక్క స్వస్థానములు చేరెను. వెనిగర్‌లో నానిన ఆరు గ్లాసులు పై అరలో బోర్లింపబడెను. ప్లగ్గు పెట్టబడెను, వంటింటి స్విచ్చులు వేయబడెను, మెయిన్ స్విచ్చు ఎత్తబడెను; హాలున ఆట ముగిసిపోయిన టీవీ వెలిగి, ఇంటాయన నిట్టూర్పు వినబడెను. మూడున్నరకు బొత్తాము నొక్కబడెను.

గంటన్నర! అమ్మ యంత్రమునెదుట పీట వేసికొని, ఒక ప్రక్క బకెట్టు, ఒక ప్రక్క పాతగుడ్డలు పెట్టుకొని కూర్చుండెను. అది గుర్రుమనినచో గుండె గుర్రుమనెను. అది ఆగినచో గుండెయు ఆగెను. “ఏమిటే, చప్పుడు లేదు? పోయిందా?” అని ఆరుసార్లు అడిగెను. “నీళ్లు మారుస్తోందమ్మా” అని లాయరమ్మ ఆరుసార్లు చెప్పెను. ఏడవసారి అడుగబోవుచుండగా యంత్రము మూడుమార్లు కూత పెట్టి మౌనము వహించెను. ఎర్ర లైటు ఆరిపోయియుండెను.

అదే క్షణమున కాలింగుబెల్లు మ్రోగెను. ఆడపడుచు!

“వదినా, తాడు కూడా తెచ్చాను, కట్టడానికి!” అని ఆమె నేరుగా వంటింటికి వచ్చెను. వెనుక ఇంటాయన. చోటు చాలక ఆయన తలుపు బయటనే ఆగెను.

“నువ్వు తియ్యి,” అనెను అమ్మ కూతురితో, కళ్లు మూసికొని.

“నువ్వే తియ్యి. నువ్వు చేసిన పని.”

అమ్మ యంత్రపు తలుపు లాగెను. ఆవిరి మేఘమువలె లేచి ఆడపడుచు కళ్లజోడును కప్పెను. ఆమె జోడు తీసి తుడుచుకొని, చేతికందిన గ్లాసును పైకెత్తి, అటు చూచి, ఇటు చూచి, దానిలోనుండి అన్నగారి ముక్కును చూచెను.

“ఇవి కొత్తవా వదినా?”

“పాతవే.”

“మరి ఏం చేశావు?”

“ఏం లేదు,” అనెను అమ్మ. “ఉప్పు సరిపోలేదు, వేశాను.”

ఇంటాయన చేయి చాపి గ్లాసు నందుకొని, కిటికీ వైపు ఎత్తిపట్టి, చాలసేపు చూచెను. దోషమేదియు దొరకలేదు. గొంతు సవరించుకొని చెల్లెలితో, “వ్యాను ఖాళీగా ఎందుకులే. ఆ పాత సోఫా తీసుకుపో,” అనెను.

అమ్మ ఆ గ్లాసును ఆయన చేతినుండి తీసికొనెను. పిదప అలవాటు చొప్పున గ్లాసును గోటితో తట్టి, కూతురి చెవిలో మెల్లగా, “ఇంత మెరుస్తోందంటే గాజు అరిగిపోతోందేమోనే?” అనెను.

కావున లోకులారా, తెలిసికొనుడు! ఈ ఆదివారము సాయంకాలము ఐదు గంటల పది నిమిషములకు, మూడవ అంతస్తు వంటింట, ఒక సూదితోను, ఒక కిలో ఉప్పుతోను, ఎవరి ప్రాణములకును హాని లేకుండ, ఆరు గాజుగ్లాసులలో ఐదు సంపూర్ణముగా జయింపబడినవి. ఆరవది సున్నము లోనికి తిని గరుకెక్కియున్నందున ఇంకను లొంగలేదు. దానిని అలమరలో వెనుక వరుసన బోర్లించి, సంధికి వర్తమానము పంపడమైనది.