భర్తగారి టెస్లా కాయిల్

మా భవనం నాలుగో అంతస్తులో ఉండే ఫర్నిచర్ షాపు మేనేజరుగారు స్వగృహమునందే టెస్లా కాయిల్ నిర్మించి భవనానికి వన్నె తెచ్చినందుకు, నివాసుల సంఘం వారు ఆయనను మొన్న ఆదివారం ఘనంగా సత్కరించారు. ఆయనకు ఫ్యూజు వేయడం రాదన్న సంగతి సత్కారానికి ఏ విధంగానూ ఆటంకం కాలేదు. కాయిల్ కట్టింది ఆయన భార్య అన్న సంగతీ కాలేదు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. టెస్లా కాయిల్ అంటే గోడలోంచి వచ్చే బుద్ధిమంతమైన కరెంటును పట్టుకుని, సెకనుకు లక్షలసార్లు అటూ ఇటూ ఊపి, సన్నని రాగితీగ చుట్టిన గొట్టం కొసనుంచి ఊదారంగు మెరుపులుగా గాలిలోకి వదిలే యంత్రం. ఆ ఊపే పని ట్రాన్సిస్టర్లు చేస్తాయి. ఊపు లెక్క తప్పితే ముందు పోయేవీ అవే.

ఆవిడ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతారు. ఏళ్ల తరబడి టెస్లా కాయిల్‌ను బోర్డు మీద సుద్దముక్కతో గీసి, మెరుపును కూడా సుద్దముక్కతోనే గీసి, పిల్లల్ని నమ్మమని అడగడం ఆవిడకు విసుగు పుట్టించింది. ల్యాబులో ఒకటి కడతానని శాఖాధిపతి దగ్గరికి వెళ్లారు.

"బొమ్మతో అయిపోయేదానికి ఇదంతా ఎందుకమ్మా?" అన్నాడాయన. "పైగా హై వోల్టేజీ. రేపు మీకేమన్నా అయితే మీ ఆయనకు నేను సమాధానం చెప్పుకోవాలి."

తన ప్రాణం గురించి భర్తకు సమాధానం చెప్పుకోవలసిన అధికారి ఒకడున్నాడని ఆవిడకు అప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చి, బట్టలుతికే వరండాలో బల్ల వేసుకున్నారు.

మొదటి పని తీగ చుట్టడం. వెంట్రుక కంటే కాస్త లావుండే తీగను ప్లాస్టిక్ గొట్టం మీద వరస పక్కన వరస, సందు లేకుండా, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా చుట్టాలి. ఇందులో ఆవిడకు తోడు నిలిచింది అత్తగారు. గొట్టం తిప్పే బాధ్యత ఆ పెద్దావిడ తీసుకున్నారు.

"మెల్లిగా అత్తయ్యా, ఒక్క చుట్టు ఎక్కిందంటే మళ్లీ మొదటికొస్తాం."

"ఎక్కదులే. నువ్వు బిగువు వదలకు. మాటలు పెట్టుకున్నావంటే చెయ్యి సడలుతుంది."

అలా రోజుల తరబడి చుట్టారు. మధ్యలో ఒకసారి తీగ పుటుక్కున తెగితే పెద్దావిడే నోరెత్తకుండా మొత్తం విప్పి, మళ్లీ గొట్టం చేతిలోకి తీసుకున్నారు.

తర్వాత ఎర్తు కావలసి వచ్చింది. తోటలో రాగికడ్డీ దించుకుంటామని సంఘానికి దరఖాస్తు పెట్టారు. ఉద్యాన ఉపసంఘం సమావేశమై, కడ్డీకి నీళ్లు పోయాలా, పోస్తే ఎవరు పోయాలి అనే అంశాన్ని కూలంకషంగా చర్చించి, భర్త సంతకం కూడా ఉంటే అభ్యంతరం లేదని తీర్మానించింది. ఆయన సంతకం పెట్టారు. దేనికని అడగలేదు. ఆయన మంచివాడు.

తొలి పరీక్ష నాడు ఆవిడ జాగ్రత్తగా కరెంటు దారిలో ఒక బల్బు కలిపారు. లోపల ఏదైనా తగలబడితే బల్బు భగ్గున వెలిగి ఆ వార్త చెబుతుంది. స్విచ్చి వేయగానే చెప్పింది. ట్రాన్సిస్టర్లు రెండూ పటుక్కున పగిలి, ఒకదాని మూత ఎగిరి కిటికీకి తగిలింది.

కాకతాళీయంగా అదే సాయంత్రం లిఫ్టు ఆగిపోయింది. మర్నాటికల్లా లిఫ్టు తలుపు మీద ప్రకటన వెలసింది: 'నాలుగో అంతస్తు మహిళ జరుపుతున్న విద్యుత్ ప్రయోగముల దృష్ట్యా లిఫ్టు పనిచేయదు.' యంత్రం ఎవరిదన్న విషయంలో సంఘానికి ఆ రోజు ఏ సందేహమూ లేదు. మెకానిక్ వచ్చి తలుపు సందులో ఇరుక్కున్న ఎవరిదో చెప్పును బయటికి లాగాడు. లిఫ్టు కదిలింది. ప్రకటన కదలలేదు. కింది అంతస్తు దంతవైద్యుడు తన రోగుల పళ్ల నొప్పులకు కూడా ఆ ప్రయోగాలనే కారణంగా చూపడం మొదలుపెట్టాడు.

సలహాలు మాత్రం మేనేజరుగారికే వచ్చేవి.

"ఏం సార్, మీ కాయిల్ ఎంతవరకు వచ్చింది?" అని సంఘం అధ్యక్షులవారు మెట్ల దగ్గర ఆపి అడిగారు.

"నాకేం తెలుసండీ. అది మా ఆవిడ చేస్తోంది."

"మీరెప్పుడూ ఇంతే. గొప్ప చెప్పుకోరు. నన్నడిగితే వోల్టేజీ చాలట్లేదు. కాస్త పెంచి చూడండి."

ఆయన రెండుమూడుసార్లు కాదన్నారు. కాదన్న కొద్దీ ఆయన వినయం మీద గౌరవం పెరిగింది. తర్వాత కాదనడం మానేశారు. ఆ తర్వాత "చూద్దామండీ, పెంచుదాం" అనడం మొదలుపెట్టారు.

వరండాలో ఆవిడ వోల్టేజీ పెంచలేదు. కరెంటు తీరును తెరమీద గీతగా చూపే ఆసిలోస్కోపును కాలేజీనుంచి అడిగి తెచ్చుకుని చూస్తే, ట్రాన్సిస్టర్లకు చేరే సంకేతం చక్కగా లేచి పడాల్సింది పోయి ప్రతి మలుపులోనూ గజగజ వణుకుతోంది. ఒకటి పూర్తిగా ఆగకముందే రెండోది పని మొదలెట్టడంతో, రెండూ కలిసి కరెంటును తమలోంచే పోనిచ్చుకుని చస్తున్నాయి. ఆవిడ తీగల్ని పొట్టి చేసి, జంటలుగా మెలిపెట్టి, చిన్న రెసిస్టర్లు జోడించారు. వణుకు తగ్గింది. కొత్త ట్రాన్సిస్టర్లు పెట్టి మళ్లీ స్విచ్చి వేస్తే ఈసారి ఏదీ పగల్లేదు. ఏదీ జరగనూ లేదు. కాయిల్ కొయ్యలా నిలబడింది.

ఆవిడ ఆ సాయంత్రం బల్ల దగ్గర తల పట్టుకుని కూర్చున్నారు. అంతా సరిగ్గానే ఉంది, అయినా పనిచేయడం లేదు. సోల్డరింగులో కాలిన వేళ్లు మండుతున్నాయి. బొమ్మతో అయిపోయేదానికి ఇదంతా ఎందుకన్న మాట చెవిలో తిరుగుతోంది.

"ఊయల ఊపేటప్పుడు ఎదురు తోస్తే ఆగిపోతుంది కదా. ఇక్కడ దశ తిరగబడింది," అన్నారు అకస్మాత్తుగా, తనలో తానే. గొట్టం అడుగున కరెంటు అందించడానికి వేరుగా చుట్టిన లావుతీగ కొసలు రెండూ విప్పి, ఇటుది అటు, అటుది ఇటు బిగించారు. స్విచ్చి వేశారు.

బుస్సుమని, పైన బోర్లించిన అల్యూమినియం గిన్నె అంచునుంచి చెయ్యంత పొడవున ఊదారంగు కొమ్మలు లేచాయి. దూరంగా ఆనించిన ట్యూబులైటు తీగ లేకుండానే వెలిగింది. ఆవిడ నవ్వలేదు. గోడకు ఆనుకుని, ఊపిరి తీసుకోవడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయారు.

"బాగుందే," అన్నారు అత్తగారు.

ఆ వెలుగు ఎదురు భవనం దాకా కనబడడంతో సంఘానికి యంత్రం మీద అభిమానం పుట్టుకొచ్చింది. ఆదివారం సభ పెట్టారు. శాఖాధిపతి ముఖ్య అతిథి. ముందు వరసవాళ్లను దూరంగా జరగమంటూ, కాయిల్ స్విచ్చి దగ్గర ఆవిడ నిలబడ్డారు.

"ఒక సామాన్య ఫర్నిచర్ మేనేజరు ప్రకృతిశక్తులను లొంగదీసుకున్నాడు," అన్నారు అధ్యక్షులవారు. "ఆయనకు ఇంత వెసులుబాటు కల్పించిన ఆయన సతీమణి సహనాన్ని కూడా ఈ సందర్భంగా అభినందిస్తున్నాను."

శాఖాధిపతి లేచి, తన ప్రోత్సాహం లేకపోతే ఇది జరిగేది కాదన్నాడు. అది నిజమే. అత్తగారిని కూడా రెండు మాటలు చెప్పమన్నారు. గొట్టం తిప్పి తిప్పి బొబ్బలెక్కిన చేతులతో ఆ పెద్దావిడ మైకు పట్టుకున్నారు.

"మావాడికి చిన్నప్పట్నుంచీ కరెంటంటే మహా ఇష్టం," అన్నారు.

మేనేజరుగారు జ్ఞాపిక అందుకుని, "దశ తిరగబడిందని మేం చివర్లో కనిపెట్టాం," అని సవినయంగా మనవి చేశారు. చప్పట్లు మోగాయి. కోడలు అత్తగారి వైపు ఒకసారి చూసి, ప్లగ్గు పీకేశారు.

తర్వాత అతిథులందరికీ వాళ్లింట్లో భోజనం. అధ్యక్షులవారు రెండోసారి కూర వేయించుకుని, "ఎంత పనిలో ఉన్నా ఆడవాళ్ల చేతివంట చేతివంటే. అద్భుతంగా చేశారమ్మా," అన్నారు.

మేనేజరుగారు చేతిలో గరిటెతో నిలబడిపోయారు. "వంట నేను చేశానండీ," అన్నారు.

అందరూ హాయిగా నవ్వారు.

"నిజంగా నేనే. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నాను. ఆ ముక్కలు కూడా నేనే తరిగాను."

"మీరు మరీనూ," అన్నారు అధ్యక్షులవారు.

"థాంక్సండీ, ఇంకాస్త వేసుకోండి," అన్నారు ఆవిడ.

అతిథులు వెళ్లాక ఆయన జ్ఞాపిక పక్కనబెట్టి, ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నారు. "ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. నువ్వైనా చెప్పొచ్చుగా," అన్నారు.

ఈ ఉదంతం నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. అందరూ ఆసాంతం శ్రద్ధగా విని, చివర్లో నిట్టూర్చి, ఒకే మాట అంటున్నారు: "పాపం, ఆయన."