తెల్లబొగ్గు ప్రారంభోత్సవం

రాష్ట్రంలోనే మొట్టమొదటి గ్రామీణ నానో కార్బన్ తాగునీటి కేంద్రాన్ని వచ్చే మంగళవారం ఉదయం పదిన్నరకి జాతికి అంకితం చేస్తానని మంత్రి ఉదయ్‌భాస్కర్‌గారు ప్రకటించారు. ఆ కేంద్రం మొగల్తూరు అవతల తబిత వాళ్ళ పేటలో, చర్చి వెనక, రెండు నీలం డ్రమ్ముల రూపంలో ఏడాదిగా నడుస్తూనే ఉంది. అయితే ప్రారంభం కానిది నడవడం నిబంధనలకు విరుద్ధం. అందుకని ప్రారంభమయ్యేదాకా దాన్ని ఆపించారు.

తబిత ఆ పేటలో మొదటి ఎమ్మెస్సీ. పాలకొల్లులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక పేటవాళ్ళ మంచినీళ్ళ చెరువు టీ రంగుకి తిరిగింది. వాసన మాత్రం టీది కాదు. తబిత కొబ్బరి చిప్పలు కాల్చి, కాలేజీ ల్యాబ్ కొలిమిలో ఆవిరి పట్టించి, ఆ బొగ్గు తెచ్చింది. పై డ్రమ్ములో ఇసక, కింది డ్రమ్ములో బొగ్గు. కుళాయి తిప్పితే నీళ్ళు నీళ్ళలాగే వచ్చాయి. నూట పది ఇళ్ళు అవే తాగాయి.

ప్రత్యేకాధికారి రమేష్ బాబుగారు ముందస్తు పరిశీలనకి వచ్చి, డ్రమ్ము మూత తీసి, చాలాసేపు లోపలికి చూశారు.

"ఇందులో నానో ఏదమ్మా?"

"బొగ్గు లోపల సన్నటి సందులుంటాయండి. వెంట్రుక మందంలో యాభై వేలో వంతు. నీళ్ళలో ఉన్న రంగూ వాసనా వెళ్ళి ఆ సందుల గోడలకి అంటుకుపోతాయి."

"కనపడతాయా?"

"కనపడవండి."

రమేష్ బాబుగారి ముఖం వాడిపోయింది. "కనపడనిదాన్ని సార్ ఎలా ప్రారంభిస్తారమ్మా? ఫోటో ఉండొద్దూ?"

ఆయన బాధ చూడలేక తబిత తన క్లాసులో చెప్పే ఉదాహరణ చెప్పింది. "ఆ గోడలన్నీ విప్పి పరిచామనుకోండి, ఒక్క గ్రాము బొగ్గులోనే పాతిక సెంట్ల చోటుంటుందండి."

రమేష్ బాబుగారు వెంటనే ఫోన్ తీశారు. "సార్, గ్రాముకి పాతిక సెంట్లంట సార్... ఎస్ సార్, మన బొగ్గే సార్." ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టి, "సార్ అడుగుతున్నారు. మెట్టా, మాగాణా?" అన్నారు.

"అది భూమి కాదండీ. ఉపరితలం."

"ఉపరితలం అంటున్నారు సార్... ఆఁ, నీళ్ళు పుష్కలంగా వస్తున్నాయి సార్." ఫోన్ పెట్టేసి, "మాగాణి కింద రాసుకోమన్నారు," అన్నారాయన తృప్తిగా.

మూడు నెలలకోసారి బొగ్గు మార్చాలి. ప్రారంభోత్సవం కదా అని సోమవారమే పాత బొగ్గు తీసేసి కొబ్బరి మొక్కల మొదళ్ళలో పోశారు. మంగళవారం పొద్దున్నే తబిత ఇరవై కేజీల కొత్త బొగ్గు సంచి ఆటోలో వేసుకుని పాలకొల్లు నుంచి బయల్దేరింది. ఆ చిన్న కొలిమిలో ఇరవై కేజీలు తయారవడానికి మూడు నెలలు పట్టింది.

పేట మొదట్లో ఎస్సై వీరబ్రహ్మంగారు ఆటో ఆపారు. ఎక్కడో ఎవరో నల్లజెండా చూపించినప్పటి నుంచీ మంత్రిగారి సభల్లో నలుపు నిషేధం. అప్పటికే గొడుగులు ఒక కుప్ప, చున్నీలు ఒక కుప్ప, ఫోన్ కవర్లు ఒక కుప్ప పడున్నాయి. పాస్టరుగారి బైబిల్‌కి న్యూస్‌పేపర్ అట్ట వేసి పంపారు. చిట్టియ్యగారి గేదెని, కానిస్టేబుల్‌ని తోడిచ్చి, గౌరవంగా పక్కూరు తరలించారు.

"మరి మా జుట్టు సంగతేంటండీ?" అన్నాడు ఆటో బుల్లియ్య.

"దానికి మినహాయింపుంది. సర్క్యులర్ చదువుకో."

సంచి విప్పారు. వీరబ్రహ్మంగారు ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఏంటమ్మా ఇది?"

"బొగ్గండి. మంత్రిగారు ప్రారంభించేది దీన్నే."

"నల్లగా ఉంది."

"బొగ్గు కదండీ."

"నాకు ముందున్న ఎస్సై ఒక్క నల్లరిబ్బన్ వదిలేసినందుకే సస్పెండయ్యాడమ్మా. నువ్వేమో ఇరవై కేజీలు తెచ్చావు!"

సంచి సీజయింది. ఈ పదార్థాన్ని దేనికి, ఎలా వాడతారో వివరంగా చెప్పమన్నారు. అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పడం తబితకి చిన్నప్పటి అలవాటు. ఎంత ఇసకకి ఎంత బొగ్గు, ఏది పైన, ఏది కింద, ఎన్నాళ్ళకి మార్చాలి, అన్నీ చెప్పింది. స్టేషన్ రైటర్ అక్షరం పొల్లుపోకుండా పదకొండు పేజీలు రాశాడు.

తబిత పరిగెత్తుకుంటూ వెళ్ళి రమేష్ బాబుగారి ముందు నిలబడింది. "కార్బన్ లేకుండా ఎలాగండీ?"

"కంగారు పడకమ్మా. కార్బన్ ఉండాలి, నల్లగా ఉండకూడదు. ఇంతేగా సమస్య?"

ఆ ఆలోచనకి చుట్టూ ఉన్న సిబ్బంది చప్పట్లు కొట్టారు. పక్కనే ఉన్న రొయ్యల షెడ్డు నుంచి పాత థర్మకోల్ పెట్టెలు తెప్పించారు. పదిమంది కూర్చుని వాటిని గుండ్లు గుండ్లుగా రాల్చారు. డ్రమ్ము మల్లెపూల బుట్టలా నిండింది.

పదిన్నరకి రావలసిన మంత్రిగారు ఒంటిగంటన్నరకే వచ్చేశారు. డ్రమ్ముకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కుళాయి తిప్పారు. గ్లాసుడు తాగారు. క్షణం ఆగారు. రొయ్యల వాసన వేదిక కింద ఉన్న తబిత దాకా వచ్చింది.

"ఆహా!" అన్నారు మంత్రిగారు. "ఇందులో మన తీరప్రాంతపు రుచి ఉంది!"

ఆ తర్వాత మైకు అందుకున్నారు. "నానో అంటే ఏంటో అనుకుంటారు. ఒక్క గ్రాములో పాతిక సెంట్లు! ఇన్నాళ్ళూ పేదలకి స్థలాలు లేవు, లేవు అన్నారు. ఉన్నాయి! ఇదిగో, ఈ డ్రమ్ములో ఉన్నాయి! ఈ పేటలో ప్రతి కుటుంబానికీ సెంటున్నర, అదీ మాగాణి, ఈరోజే, నా చేతుల మీదుగా!"

ఈలలు మోగాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో తెల్లగుండు, పట్టా కాగితంతో సహా పంచారు. తబిత తల్లి దేవకుమారి తన గుండుని కొంగున ముడి వేసుకుని వచ్చి, కూతురి చెవిలో అడిగింది.

"ఏమే, దీనికి తూర్పు ఎటే?"

మర్నాడు పేట మళ్ళీ బిందెలు పట్టుకుని టీ రంగు చెరువు దగ్గరికి వెళ్ళింది. తబిత ఫిర్యాదు పెట్టింది. కేంద్రం విజయవంతంగా నడుస్తున్నట్టు రికార్డుల్లో ఉన్నందున ఫిర్యాదు పరిష్కరించబడినదని మెసేజ్ వచ్చింది. రెండోసారి పెట్టింది. మరింత త్వరగా పరిష్కరించబడింది. వారం తిరిగేసరికి పేటలో పదిమంది పిల్లలు విరేచనాలతో బడి మానేశారు.

పన్నెండో రోజున స్టేషన్‌కి వెళ్ళింది.

"రామ్మా, కూర్చో. ఎండన పడొచ్చావు," అంటూ వీరబ్రహ్మంగారు స్వయంగా గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చారు. తబిత ఒక గుక్క తాగి ఆగింది. రంగు లేదు. వాసన లేదు. ఏడాదిపాటు తాగిన నీళ్ళవి. నాలుక గుర్తుపట్టింది.

లాకప్ పక్కన రెండు డ్రమ్ములు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. పైన గోడకి పదకొండు పేజీల స్టేట్‌మెంట్, వరసగా అంటించి ఉంది.

"సార్, అది మా బొగ్గండి."

"బొగ్గేంటమ్మా, సాక్ష్యం. కేసు తేలేదాకా బయటికి వెళ్ళదు."

"మరి డ్రమ్ములో పోశారేంటండీ?"

"సాక్ష్యాన్ని భద్రపరచాలి కదా! అంతా నువ్వు చెప్పినట్టే చేశాం, చూసుకో. ఇసక పైన, సాక్ష్యం కింద. మా వాళ్ళకి కడుపునొప్పులు పోయాయమ్మా, నీ పుణ్యం."

వీరబ్రహ్మంగారు లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఏడో పేజీ మీద వేలు పెట్టి చదివారు.

"మూడు నెలలకోసారి మార్చాలని ఉందిక్కడ. అప్పటికి నీ కొత్త సంచి తయారవుతుంది కదమ్మా?" కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించారు. "మంత్రిగారేమో మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు. ఆయన కోసం చూడక, నువ్వే ఆ సంచితో ఒకసారి వచ్చి నిరసన తెలపకూడదూ?"