నిరాహార దీక్షకు నలభై ప్లేట్లు

ఆ శనివారం ఉదయం మార్తా వేసుకున్న ప్లాను చిన్నదే. నలభై మందికి పులావు, గుత్తి వంకాయ, పెరుగన్నం వండి, పన్నెండింటికల్లా కెనడాలోని తమ ఊరు కిచెనర్ శివారులో ఉన్న పాత రాతి మిల్లుకు చేర్చాలి. ఒంటిగంటకు వడ్డించాలి. అక్కడ ఐర్లాండు స్వాతంత్ర్య పోరాటం మీద సినిమా తీస్తున్నారు; మిల్లే డబ్లిన్ జైలు. ఈ పూట శభాష్ అనిపించుకుంటే మిగిలిన పది రోజుల భోజనాలూ ఆమెవే. ఇంటి గడప దాటి ఆమె గరిటె తిప్పడం ఇదే మొదలు.

ఆర్డరు ఇప్పించిన వంశీధర్ వరంగల్ కుర్రాడు, చిన్న వేషాలవాళ్లకు ఇన్‌చార్జి. వ్యాను ఆగగానే ఎదురొచ్చాడు.

"ఆంటీ, ఒక్క మాట. లోపల ఖైదీలు నిరాహార దీక్షల ఉన్నరు. నీరసంగ కనబడాలని డైరెక్టర్ మేడం పొద్దుగాల నుంచి ఏం తిననియ్యలే. షాట్ అయ్యేదాక మెతుకు కూడ పెట్టొద్దు."

"ఇంతగా చెప్పాలా బాబూ? నేనేవన్నా చిన్నపిల్లనా?"

అతడు మేడం కోసం వెళ్లాడు. లోపల ఇరవై మంది చిరుగు దుప్పట్లు కప్పుకుని గోడవార కూర్చున్నారు. మార్తా మూత తీసింది ఉప్పు చూద్దామనే. ఇరవై ముక్కులూ ఇటు తిరిగాయి. వాళ్ల నాయకుడి వేషం వేసిన ఎర్రగడ్డం ఆయన గుటక మింగాడు.

"ఏవండీ, తలా ఒక గరిటె పెడితే ఏమవుద్ది?"

"పది రోజుల ఆర్డరు పోద్ది," అన్నాడు భర్త నోవహు.

"ఆకలితో ఉన్నోళ్ల ముందు ఆర్డరేంటండీ! రుచికే."

రుచికే మొదలైంది. కానీ ప్లేటు ఖాళీ అయితే మార్తా చెయ్యి ఊరుకోదు. "చాలు" అన్నవాడికి మొహమాటమనుకుని ఇంకో గరిటె వేస్తుంది. గొడవేమిటో చూద్దామని వచ్చిన జైలు గార్డులు తుపాకులు గోడకు ఆనించి ప్లేట్లు అందుకున్నారు. అరగంటలో పులావు గిన్నె అడుగు కనిపించింది.

డైరెక్టరమ్మ వచ్చేసరికి దీక్షాపరులందరూ భుక్తాయాసంతో ఎక్కడివాళ్లక్కడ ఒరిగిపోయి ఉన్నారు. వంశీధర్ తల పట్టుకున్నాడు. మార్తా ఖాళీ గిన్నెను వెనక దాచబోయింది. నలభై మంది గిన్నె ఎక్కడ దాగుతుంది?

డైరెక్టరమ్మ ఎర్రగడ్డం ఆయన చెయ్యి ఎత్తి వదిలింది. అది దబ్బున పడింది. ఆమె కళ్లు మెరిశాయి. "ఎవరూ కదలొద్దు. కెమెరా!" అంది రహస్యంగా.

గార్డు అన్నం పళ్ళెం ముందుకు తోశాడు. ఎర్రగడ్డం ఆయన దాన్ని చూసి, కళ్లు మూసుకుని, మొహం గోడకు తిప్పేసుకున్నాడు. లోకంలో ఏ అధికారమూ ఆయన చేత ఇక ఒక్క ముద్ద తినిపించలేదు.

మొదటి టేకే ఓకే. డైరెక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చి మార్తా చేతులు పట్టుకుంది. నిన్నంతా ఆరు టేకులు తీస్తే ప్రతివాడూ ఆ పళ్ళెం వంక ఆశగానే చూశాడట. పది రోజుల ఆర్డరూ మార్తాకే, ఒక్క షరతుతో: వడ్డన షాటుకు ముందే జరగాలి.

సినిమా వచ్చాక మార్తా వాళ్ల చర్చివాళ్లంతా కలిసి వెళ్లారు. ఆ సీను రాగానే హాలంతా వెక్కి వెక్కి ఏడ్చింది. మార్తా కూడా కళ్లు ఒత్తుకుని నోవహు చెవిలో అంది:

"పాపం, ఆయన పెరుగన్నం తినకుండానే లేచాడండీ."