చేవెళ్ల మార్కెట్లో ముప్పై మంది

ఆ శనివారం పొద్దున జెన్నీ పెట్టుకున్న పని చిన్నదే. మొయినాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో, సొంత వ్యాపారం పెట్టడం ఎలాగో నేర్పే క్లాసు ఆమెకు ఉంది. ఆ క్లాసు కోసం చేవెళ్ల కూరగాయల మార్కెట్లో ముప్పై మందిని వాళ్ల కష్టమేమిటో అడిగి రాసుకోవాలి. దాన్ని తీర్చే వస్తువు తర్వాత తయారు చేయాలి. మధ్యాహ్నం పన్నెండులోగా ముప్పై పేర్లు రాకపోతే ఆ పేపరు తప్పినట్టే.

తోడుగా నానమ్మ పెంటమ్మ వచ్చింది. మొదటి బస్సు మీద గంపలు వేసుకొచ్చి, భర్త శాంతయ్యతో కలిసి ఇరవై ఏళ్లు అక్కడ టమాటాలు అమ్మిన మనిషి. ఆయన పోయాక ఆ గేటు దాటలేదు.

"గీడనే కూసునేటోళ్లం. మీ తాత తూకమేస్తుంటే నేను కేకలేసేదాన్ని" అంది, ఒక మూల నేలను చేత్తో తడుముతూ.

గంట గడిచినా జెన్నీకి ఇద్దరే దొరికారు. బేరాల మధ్య ఆగే తీరిక ఎవరికీ లేదు. మనవరాలి మొహం చూసి పెంటమ్మ కొంగు దోపి, పాత గొంతు బయటికి తీసింది.

"రాండ్రి బాపు, రాండ్రి అవ్వ! పిల్ల మీ కష్టం రాసుకుంటది!"

నోటుబుక్కుతో వచ్చి కష్టం రాసుకునే మనిషంటే ఆ ఊళ్లకు ఒకటే అర్థం: సర్కారు ఆఫీసరు. ఎంకపల్లి నుంచి వచ్చిన మైసయ్య ఆగిపోయిన పింఛను కాగితం తీశాడు. కూరలమ్మే సత్తమ్మ ఆధార్ జిరాక్సు తెచ్చి, వెనక వాళ్లను లైను కట్టించింది. ఎవరో కుర్చీ వేశారు. ఎవరో మేడమ్‌కు చాయ్ అని అరిచారు.

"నేను ఆఫీసర్‌ను కాదవ్వా, చదువుకుంటున్న!"

"పోయినసారి అచ్చినాయన గూడ నా చేతుల లేదనే అన్నడు. జర రాయి బిడ్డ" అంది సత్తమ్మ.

జెన్నీ నానమ్మ వైపు తిరిగింది. "పింఛనిచ్చే మిషను నేనెట్ల చేస్త?"

"ముందుగాల రాయి. మీ తాతకు గిట్లనే ఆగితే, రాసేటోడు దొరకక మూడు దినాలు ఎండల తిరిగినం. తువ్వాల నా తలమీద కప్పి ఆయన ఉత్త తలతోని నిలవడ్డడు."

జెన్నీ కుర్చీలో కూర్చుంది. తల వంచి దరఖాస్తులు రాసింది.

పన్నెండుకు లెక్చరర్ పరమేష్ వచ్చేసరికి లైను గేటు దాటింది.

"ముప్పై దాటిన్రు సార్. గానీ అందరిది ఒకటే కష్టం. దరఖాస్తు రాసిచ్చేటోళ్లు లేరు. అమ్మే వస్తువేదీ దొరకలే" అంది జెన్నీ, ఏడుపు ఆపుకుంటూ.

ఆయన కాగితాలన్నీ తిరగేశాడు. "ఇంతమందికి ఒకటే కష్టమంటే, దాన్ని తీర్చే పనికి గిరాకీ ఉన్నట్టే. నెలరోజులుగ నేను బోర్డు మీద గీస్తున్నది గిదేనమ్మా. నువ్వు పాసు."

తర్వాత గొంతు తగ్గించి, జేబులోంచి ఒక మడత కాగితం తీశాడు. "మా అమ్మ ఆధార్‌ల పుట్టిన సంవత్సరం తప్పు పడ్డది. జర..."

సత్తమ్మ ఆయన భుజం పట్టుకుని లైను చివరికి పంపించింది.