వాచీగారి ఏసీ గది

చేతికి పెట్టుకోని వాచీ చేసినంత మేలు లోకంలో ఇంకే వస్తువూ చేయదు. నమ్మరా? మా ఇంటికి రండి. చెప్పులు బయట విడిచి రండి. ఊపిరి కూడా అక్కడే విడిచి రండి.

మా అబ్బాయి జపాను బొమ్మల కథల వాచీ కొన్నాడు. ఆ కథల్ని మాంగా అంటారట. వాచీ ఏమో లిమిటెడ్ ఎడిషన్ క్రోనోగ్రాఫ్. లోపల బుల్లి గుండ్రాలు మూడు, పక్కన పరుగుపందేలు లెక్కకట్టే బొత్తాలు రెండు, నడుమ జుట్టు నిక్కబొడుచుకున్న వీరుడొకడు. కత్తి దూసి, అచ్చం మా లేతు షెడ్డు ఫోర్‌మన్‌లా గుడ్లురుముతుంటాడు.

"లేటవుతోంది, పెట్టుకెళ్ళరా" అంది మా ఆవిడ, మొదటిరోజు.

"ఇది పెట్టుకునేది కాదమ్మా."

"మరి దండం పెట్టుకునేదా?"

అద్దం మీది ప్లాస్టిక్ పొర ఊడదీయకూడదట. బొత్తాం నొక్కకూడదట. వచ్చిన బాక్సు లేకపోతే విలువే ఉండదట. తిరిగితే అరుగుతుందని కీ పిడి బయటికి లాగి ఆపేశాడు. ఎంత తెలివో చూడండి! మీ వాచీలు తిరిగి తిరిగి ముసలివైపోతున్నాయి. మాది పదీ పది దగ్గర పడుచుగా నిలబడిపోయింది.

అన్నిటికన్నా పెద్ద మేలు ఏసీ. నైట్ షిఫ్టు చేసొచ్చి, పగలు ఉక్కకి నిద్రపట్టక, మూడు వేసవులు మొరపెట్టుకున్నాను. "చూద్దాంలే నాన్నా" అన్నాడు. వాచీ నోరైనా విప్పలేదు, వచ్చిన వారానికే దాన్ని పెట్టిన గదికి ఏసీ బిగించాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆ మాటన్నవాడి ఇంట్లో ఇలాంటి వాచీ ఉండి ఉండదు.

"ఆ గదిలో కాసేపు నడుం వాలుస్తానురా" అన్నాను.

"గురక పర్లేదు నాన్నా. నీ ఊపిరికి వాచీలో తేమ చేరుతుంది."

నా ఊపిరికి ఇంత పస ఉందని ఇన్నేళ్ళూ నాకే తెలీదు. గదికి తాళం పడింది.

మా ఆవిడ ఊరుకోలేదు. "మీ నాన్న మాత్రం ఒక్కటే పీసు కాదట్రా? ఇలాంటిది మళ్ళీ తయారవుతుందా?"

వాడు నన్ను ఎగాదిగా చూసి, "నాన్నకి బాక్సు లేదుగా" అన్నాడు.

నిజమే. నా మీది పొర మా నాన్న ఏడో క్లాసులోనే పీకేసి, లేతు మిషను ముందు నిలబెట్టాడు. ఆనాటి నుంచీ తిరుగుతూనే ఉన్నాను. గీతలు పడ్డ సరుకుని అపురూపంగా ఎవరు దాచుకుంటారు?

అందుకని షిఫ్టు నుంచి రాగానే ఆ తలుపు బయటే చాప పరుస్తున్నాను, తల సందువైపు పెట్టి. వాడు ఆఫీసుకి పోయినా ఏసీ ఆగదు. తలుపు కిందనుంచి వచ్చే చల్లగాలి లిమిటెడ్ ఎడిషనేమీ కాదు.

వాడి ఫోను రాత్రంతా వాచీ ఫోటోలు చూపించీ చూపించీ, పొద్దున చచ్చి చార్జింగులో ఉంటుంది. నన్ను దాటుకుంటూ అడుగుతాడు.

"నాన్నా, టైమెంత?"

కళ్ళు తెరవకుండానే, అరగంట తగ్గించి చెబుతాను.

ఆఫీసుకి రోజూ లేటేనట, మేనేజరు చీవాట్లేనట. నన్నేం చేయమంటారు? అరిగిన వాచీని. కాస్త వెనకబడతాను.