మిట్టమధ్యాహ్నపు చేపలు

ఒక పెద్ద అడవిలో, చెరువు నిండా చేపలున్నాయని తేలిన ఏడాదే చెరువులో చేపలు లేకుండా పోయాయి. తేల్చింది నక్క శేషగిరి. తేల్చిన తాటాకు కింద పంజా ముద్ర వేసింది మాత్రం నీటికుక్క సుభద్ర.

అంతకుముందు చేపల లెక్క కొంగ చూసేది. లెక్కపెట్టినవి లెక్కపెట్టినట్టే మాయమవుతున్నాయని అనుమానం వచ్చి అడవి సభవాళ్లు ఆ పని మాన్పించారు. అప్పుడు శేషగిరి లేచి, "కళ్లను నమ్మి చెడ్డాం. ఇక చెవులతో లెక్కపెడదాం. ధ్వని సర్వే!" అన్నాడు. సభాధ్యక్షుడు ఏనుగు పర్వతాలు గారు తన చెవులు ఒకసారి తడుముకుని, వెంటనే ఒప్పేసుకున్నారు.

ఆ పద్ధతి శేషగిరి కనిపెట్టింది కాదు. తన ఇద్దరు పిల్లల తిండి కోసం సుభద్ర రోజూ తెల్లవారుతూనే చేసే పనే అది. కప్ప భీమన్న నీళ్లలో మునిగి ఒక్క "బెక్" వదిలేవాడు. ఆ చప్పుడు అడుగుకు పోయి, దేనికో దానికి తగిలి తిరిగి వచ్చేది. బురదకు తగిలితే "ధబ్". చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది కదా, దానికి తగిలితే "ఠంగ్". సుభద్ర తల ముంచి వినేది. ఎన్ని ఠంగులో అన్ని చేపలు.

సర్వేకు ఆ ఇద్దర్నే పెట్టారు. భీమన్న అరవాలి, సుభద్ర వినాలి, ఠంగుకొకసారి తోక ఎత్తాలి. గట్టున కూర్చుని శేషగిరి తాటాకు మీద గీతలు గీయాలి.

"పని పొద్దు పొడవకముందే కానివ్వాలండీ," అంది సుభద్ర.

"పొద్దు పొడవకముందా? పర్వతాలు గారి స్నానం, ఫలహారం అయ్యేసరికే మధ్యాహ్నమవుతుంది. అధ్యక్షుల వారు లేకుండా ప్రారంభోత్సవమెలా చేస్తామమ్మా?"

"మధ్యాహ్నం నాచు అడ్డొస్తుందండీ. ఎండ పడితే నాచు ఆకుల మీద గాలిబుడగలు పేరుకుంటాయి. బుడగకు తగిలినా ఠంగే. చేపకు తగిలినా ఠంగే."

"ఠంగుమంటే చేప. నువ్వు శాస్త్రాన్ని గందరగోళం చేయకు."

ఆ మిట్టమధ్యాహ్నం పర్వతాలు గారు ప్రారంభోత్సవానికి అడ్డంగా కట్టిన తీగ తెంపారు. భీమన్న బెక్‌మన్నాడు. చెరువంతా ఠంగుమని మోగింది. సుభద్ర తోక ఎత్తి ఎత్తి నడుం పట్టుకుపోయింది. రోజూ తెల్లవారుజాము లెక్కకు మూడు వేలు దాటని చేపలు ఆ పూట తొంభై వేలయ్యాయి.

"అక్కా, మన చెరువులో ఇన్ని చేపలుంటే నేను మునగడానికి చోటెక్కడిది?" అని గొణిగాడు భీమన్న.

శేషగిరి తాటాకు తెచ్చి సుభద్ర ముందు పెట్టాడు. "ముద్ర వెయ్యి."

"ఇవి చేపలు కావండీ, నాచు."

నక్క గొంతు తగ్గించాడు. "తూర్పు మూల కదూ మీ పిల్లలు తినేది? మిగులు చేపలు పట్టుకుపోవడానికి బయటి నుంచి గూడబాతుల్ని పిలుస్తున్నారు. ముద్ర వేస్తే తూర్పు మూల నీకు వదిలేయమని రాస్తాను. వేయకపోతే అదీ వాళ్లదే. ఆలోచించుకో."

సుభద్ర ఆలోచించింది. పిల్లల కడుపు ఒకవైపు, తాటాకు ఒకవైపు. తాటాకుదేముంది, రేపు చెదలు తింటాయి అనుకుంది. ముద్ర వేసింది.

గూడబాతులు దిగాయి. ఒక్కొక్కదాని ముక్కు కింద ఒక్కో సంచి. నెల తిరిగేసరికి చేప కనపడటం గగనమైంది. రెండో సర్వే పెట్టారు, మళ్లీ మధ్యాహ్నమే. ఎండలు ముదిరాయి, బుడగలూ పెరిగాయి. ఈసారి లెక్క లక్ష దాటింది.

"చూశారా! పట్టేకొద్దీ పెరుగుతున్నాయి!" అని పర్వతాలు గారు తొండమెత్తి ఘీంకరించారు. ఇంకో గూడబాతుల గుంపుకు కబురెళ్లింది.

నాలుగు రోజులకే గూడబాతుల పెద్ద సభకొచ్చింది. "అయ్యా, సంచి నిండా నాచే. లక్షలో ఒక్కటైనా చూపించండి."

శేషగిరి తడుముకోలేదు. "చేపలు నాచు కింద దాక్కున్నాయి. నాచు పీకించేస్తే సరి."

"తూర్పు మూల మాత్రం వదిలేయండి," అంది సుభద్ర. "చిన్నచేపలకు దాపు ఆ నాచే. నాకు మాటిచ్చారు."

"మాటిచ్చింది చేపల గురించి. నాచు సంగతి అందులో లేదే!"

అడవిదున్నలు దిగి మూడు రోజులు తొక్కాయి. చెరువు అద్దంలా తయారైంది. ఆ సాయంత్రం సుభద్ర పిల్లలు తూర్పు మూలంతా వెతికి, ఒక నత్తను పంచుకుని తిన్నారు.

మూడో సర్వేకు అడవంతా గట్టున చేరింది. భీమన్న బెక్‌మన్నాడు. ధబ్. ఇంకోసారి. ధబ్. సాయంత్రం దాకా సుభద్ర తోక పదకొండుసార్లు లేచింది.

"లక్ష చేపలేవయ్యా?" అన్నారు పర్వతాలు గారు.

"దొంగతనం!" అని అరిచాడు శేషగిరి. "రోజూ నీళ్లలో ఉండేదెవరు? నీటికుక్క!"

సుభద్ర గట్టెక్కి, అందరి ముందు నిలబడి, పొట్ట చూపించింది. పక్కటెముకలు దూరానికి కూడా కనబడుతున్నాయి. "లక్ష చేపలు తిన్న పొట్టేనా ఇది? అవి చేపలు కావు, నాచు బుడగలు. అబద్ధమని తెలిసే ముద్ర వేశాను. తప్పు నాదే. పీకించింది మీరు. నాచు పోయింది, మీ లక్ష పోయింది, దాంతోపాటు ఉన్న మూడు వేలూ పోయాయి."

గూడబాతుల పెద్ద శేషగిరి దగ్గరకు నడిచొచ్చి సంచి తెరిచింది. "అవి ఉన్నాయని రాసింది నువ్వు. నింపు."

"ఉన్నాయి, లోతున ఉన్నాయి, చూపిస్తాను," అంటూ నక్క చెరువులోకి దిగాడు. నాచు వేళ్లు పట్టి ఉంచిన అడుగు ఇప్పుడు వట్టి జావ. నాలుగడుగులకే మెడ దాకా కూరుకుపోయాడు. పర్వతాలు గారే చెవి పట్టి బయటికి లాగారు. గూడబాతులు ఒక్కొక్కటీ అతని తోక వెంట్రుక ఒకటి పీక్కుని, వచ్చిన దారినే పోయాయి.

మర్నాడు సభ శేషగిరిని బురద సర్వేకు అధికారిగా వేసింది. బురదలో అంత లోతు అనుభవం ఇంకెవరికీ లేదట.

సుభద్ర పై వాగుకు పోయి, నోటికి పట్టినంత నాచు వేళ్లతో సహా తెచ్చి తూర్పు మూల నాటింది. తెచ్చినన్నాళ్లు పిల్లల్ని వాగు పీతలతో పెంచింది. రెండు వానాకాలాలకు చిన్నచేపలు తిరిగొచ్చాయి. తెల్లవారుజాము లెక్కకు నాలుగు వందలు.

సభవాళ్లు మళ్లీ వచ్చారు. తీగ కట్టారు, తాటాకు తెచ్చారు, మధ్యాహ్నానికి ముహూర్తం పెట్టారు. ఈసారి చెరువంతా ఆమె పిల్లలకే రాసిస్తామన్నారు.

"తెల్లవారుజామున వచ్చి నాలుగు వందలని రాయండి, ముద్ర వేస్తాను," అని సుభద్ర బొరియలోకి పోయి పడుకుంది. పొద్దెక్కాక తీసిన ఏ లెక్క కిందా ఆమె పంజా మళ్లీ పడలేదు.

నీతి: చేపలు లక్షల్లో పెరగాలంటే చెరువుతో పనిలేదు, ఫలహారం ముగించుకుని వచ్చే అధికారులుంటే చాలు.